40 ఇళ్ల సోలార్ సహకార సంఘం: వాటాలు, ఓట్లు, యూనిట్లు ఎలా పంచుకోవాలి?

పొద్దుతిరుగుడు:

నమస్కారం అండి. 40 ఇళ్లవాళ్లం కలిసి సహకార సంఘం పెట్టి, పక్కనే ఉన్న స్కూలు డాబా మీద 99 కిలోవాట్ల సోలార్ ప్లాంట్ కట్టాలనుకుంటున్నాం. లెక్క ఇలా వేశాం. ఇంటికి నెలకు సగటున 250 యూనిట్లు, అంటే 40 ఇళ్లకు ఏడాదికి 1,20,000. స్కూలుకు ఇంకో 18,000. మొత్తం 1,38,000. కిలోవాట్‌కు ఏడాదికి 1,400 యూనిట్లు వస్తే 99 కిలోవాట్లకు 1,38,600. వాడకానికీ ఉత్పత్తికీ సరిగ్గా సరిపోతోంది.

ఖర్చులో 40 శాతం సభ్యుల వాటాధనం, మిగతాది బ్యాంకు అప్పు. ఎన్ని వాటాలు కొంటే బిల్లులో అన్ని యూనిట్లు తగ్గించాలని కొందరు, ఇంటింటికీ సమానంగా పంచాలని ఇంకొందరు పట్టుబడుతున్నారు. ఒకాయన వాటాధనంలో సగం తానే పెడతానంటున్నారు, కానీ సగం ఓట్లు కూడా కావాలట.

నా సందేహాలు ఇవి: ఈ సైజు సరైనదేనా? యూనిట్లు ఎలా పంచితే గొడవలు రావు? ఆ పెద్ద పెట్టుబడిదారు విషయంలో ఏం చేయాలి? ఏ పని ముందు, ఏది తర్వాత? ప్యానెళ్ల కొటేషన్ చేతిలో ఉంది, నెలాఖరులోగా అడ్వాన్సు కడితే తగ్గింపు ఇస్తామంటున్నారు.

---

పద్దుపుస్తకం:

అడ్వాన్సు కట్టకండి. మిగతావన్నీ దీని తర్వాతే. మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇంకా ఎన్ని కిలోవాట్లు ఎక్కించుకోవచ్చో కరెంటు పంపిణీ సంస్థ రాతపూర్వకంగా చెప్పేదాకా మీ ప్లాంట్ సైజు ఎంతో మీకే తెలియదు. 99కి అడిగితే 60కే ఒప్పుకోవచ్చు, లేదా ట్రాన్స్‌ఫార్మర్ మార్చడానికయ్యే ఖర్చు మీరే భరించమనవచ్చు. ఆ ఒక్క ఉత్తరంతో ప్రాజెక్టు లెక్కంతా తారుమారవుతుంది. అప్పటికే ప్యానెళ్లు దిగిపోతే వాటిని పెట్టుకోవడానికి చోటు వెతుక్కోవాలి.

వరస ఇది. ముందు గ్రిడ్ సామర్థ్యం గురించి విచారణ. దాంతోపాటే డాబా యజమానితో ప్రాథమిక ఒప్పందం. ఆ తర్వాత స్ట్రక్చరల్ ఇంజనీరు నివేదిక. ఈ మూడూ అనుకూలంగా వస్తేనే సంఘం రిజిస్ట్రేషన్, నియమావళి, వాటాల సేకరణ, బ్యాంకు, ఆఖరున ఆర్డర్. మొదటి మూడు పనులకు అయ్యే ఖర్చు మొత్తం ప్రాజెక్టులో చిన్న భాగమే, కానీ ప్రాజెక్టు ఆగిపోతే అది తిరిగి రాదు. ఆ సంగతి రాసి, ఒప్పుకున్నవాళ్ల దగ్గర మాత్రమే ఆ సొమ్ము తీసుకోండి. వాటాల డబ్బు మాత్రం వేరే ఖాతాలో పెట్టండి. ఫలానా తేదీలోపు కావలసిన మొత్తం జమ కాకపోతే ఎవరిది వారికి వెనక్కి ఇస్తామని నియమావళిలోనే రాయండి.

ఇక అసలు విషయం. వాటా, ఓటు, యూనిట్: వీటిని మూడు వేరువేరు పద్దులుగా ఉంచండి. వాటా అంటే మీరు పెట్టిన పెట్టుబడి, దానికి పరిమితమైన రాబడి వస్తుంది. ఓటు సభ్యత్వానికి వస్తుంది, మనిషికి ఒక్కటే. యూనిట్ మీటరుకు వస్తుంది, ఎంత వాడుకుంటే అంతకు సంఘం రేటు కట్టాలి. ఒకదాన్ని ఇంకొకదానికి ముడివేసిన ప్రతిచోటా ఎప్పుడో ఒకప్పుడు చిక్కు వస్తుంది. ఎక్కువ వాటాలున్నవాళ్లు ఇల్లు అమ్ముకుని వెళ్లిపోతే వాళ్ల యూనిట్లు ఎవరికి? అద్దెకున్నవాళ్లకు వాటా కొనే స్తోమత లేకపోతే వాళ్ల ఇంటిమీద పడే ఎండలో వాళ్లకు భాగం లేదా? మూడు పద్దులూ విడిగా ఉంటే వీటికి జవాబు ఇట్టే దొరుకుతుంది. వాటా మనిషితో పోతుంది, యూనిట్ మీటరుతో ఉంటుంది.

వాటాను యూనిట్లలో కొలిచిన పేరున్న ఉదాహరణ ఒకటుంది. కోపెన్‌హాగన్ తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న మిడిల్‌గ్రుండెన్ పవన విద్యుత్ కేంద్రంలో 2 మెగావాట్ల టర్బైన్లు 20 ఉన్నాయి. పది ప్రజల సంఘానివి, పది నగర విద్యుత్ సంస్థ కట్టించినవి. సంఘం 40,500 వాటాలు అమ్మింది, ఒక్కో వాటా ఏడాదికి 1,000 యూనిట్ల ఉత్పత్తికి సమానమని లెక్కగట్టారు. చూడ్డానికి మీ మొదటి వర్గం అడిగేది ఇదే అనిపిస్తుంది. కానీ అక్కడ కరెంటు గ్రిడ్‌కు అమ్ముతారు, సభ్యులకు వచ్చేది డబ్బు. వాటా పరిమాణం అర్థమయ్యేలా చెప్పడానికి యూనిట్లు వాడారు తప్ప ఇంటి మీటరుతో దానికి లంకె పెట్టలేదు. మీరు బిల్లులో తగ్గించాలనుకుంటున్నారు కాబట్టి అది మీకు నమూనా కాదు.

సగం ఓట్లు అడిగే ఆయన సంగతి. 1995లో అంతర్జాతీయ సహకార సమాఖ్య ప్రకటించిన ఏడు సూత్రాల్లో రెండోది సభ్యుల ప్రజాస్వామిక నియంత్రణ: ప్రాథమిక సంఘంలో మనిషికి ఒక ఓటు. అది వదిలేస్తే మీది సహకార సంఘం కాదు, నలభైమంది చిన్న వాటాదారులున్న కంపెనీ. ఆయన డబ్బు వద్దనక్కర్లేదు. ఓటు లేని రుణపత్రాల రూపంలో, స్థిర వడ్డీకి తీసుకోండి. బ్యాంకు అప్పుకంటే వెనకవరసలో ఉండే అప్పుగా, అంటే బ్యాంకుకు కట్టాకే తీర్చేదిగా రాస్తే బ్యాంకు దాన్ని దాదాపు సొంత పెట్టుబడిలాగే చూడవచ్చు. పెట్టుబడి సభ్యులనే వర్గాన్ని కొన్ని చట్టాలు అనుమతిస్తాయి. ఉదాహరణకు యూరోపియన్ సహకార సంఘాల 2003 నిబంధన ప్రకారం సేవలు వాడుకోకుండా డబ్బు మాత్రమే పెట్టే సభ్యులందరికీ కలిపి 25 శాతానికి మించి ఓట్లు ఉండకూడదు. మీ చట్టంలో ఆ వర్గం ఉంటే అలాంటి హద్దే పెట్టండి. ఏ ఒక్కరి దగ్గరా మొత్తం వాటాధనంలో 10 శాతానికి మించి ఉండకూడదని కూడా రాయండి. ఓటు లేకపోయినా, ‘నా డబ్బు వెనక్కి ఇచ్చేయండి’ అనగలగడమే పెద్ద అధికారం.

నియంత్రణ పేరుకే ఉంటే ఏమవుతుందో జర్మనీలో 2017లో బయటపడింది. భూతలం మీది పవన విద్యుత్ ప్రాజెక్టుల వేలంలో పౌర సంఘాలకు ప్రత్యేక వెసులుబాట్లు ఇచ్చారు: కనీసం పదిమంది వ్యక్తులుంటే చాలు, పర్యావరణ అనుమతి రాకముందే వేలం పాడొచ్చు, కట్టడానికి గడువూ ఎక్కువ. ఆ ఏడాది వేలాల్లో 90 శాతం పైగా సామర్థ్యం పౌర సంఘాల పేరుతోనే పోయింది. అందులో చాలావాటి వెనక ఉన్నవి పెద్ద డెవలపర్ కంపెనీలే. మరుసటి ఏడాది ఆ వెసులుబాటు ఆపేయాల్సి వచ్చింది. నిజమైన చిన్న సంఘాలకు జరిగిన నష్టం అది. యూరోపియన్ యూనియన్ 2018 పునరుత్పాదక ఇంధన ఆదేశంలో, ప్రాజెక్టుకు దగ్గర్లో ఉండే సభ్యుల చేతిలోనే వాస్తవ నియంత్రణ ఉండాలనీ, ప్రధాన ఉద్దేశం లాభం కాకూడదనీ ఇలాంటి ఇంధన సంఘాల నిర్వచనంలోనే రాశారు. మీ నియమావళికీ ఆ రెండు వాక్యాలు పనికొస్తాయి.

---

త్రీఫేజ్:

సైజు గురించి. మీరు వేసింది ఏడాది లెక్క. సంవత్సరానికి సరిపోయినంత మాత్రాన మధ్యాహ్నం పన్నెండింటికి సరిపోదు. ఎండ బాగా ఉన్నప్పుడు 99 కిలోవాట్ల ప్లాంట్ మామూలుగా 72 కిలోవాట్ల దాకా ఇస్తుంది. ఆ సమయంలో 40 ఇళ్లు సగటున 0.4 కిలోవాట్ వాడితే 16 కిలోవాట్లు. స్కూలు 10 అనుకోండి. మిగతా 46 గ్రిడ్‌కే పోతాయి. స్కూలు సెలవులైతే ఇంకా ఎక్కువ. అంటే మీ ఆదాయంలో పెద్ద భాగం గ్రిడ్‌కు పోయే యూనిట్‌కు ఎంత వస్తుందన్న దానిమీదే ఆధారపడి ఉంటుంది. గ్రిడ్ రేటు, ఇంటి రేటు ఒకటే అయితే 99 ఫర్వాలేదు. గ్రిడ్ రేటు ఇంటి రేటులో సగంకంటే తక్కువైతే 50, 60 కిలోవాట్లతో మొదలుపెట్టి, డాబా మీద చోటు, కేబుల్ పైపు, ప్యానెల్ బోర్డులో ఖాళీ మాత్రం 99కి ఉంచుకోండి. తర్వాత పెంచుకోవడం తేలిక.

కిలోవాట్‌కు 1,400 అన్న అంకె కూడా మీ చోటుకు సరిచూసుకోండి. ఐరోపా కమిషన్ వాళ్ల పీవీజీఐఎస్ అనే సోలార్ ఉత్పత్తి అంచనా వెబ్‌సైట్ ఉచితంగా దొరుకుతుంది. అక్షాంశం, వాలు, దిశ ఇస్తే నెలవారీగా చూపిస్తుంది. వచ్చిన సగటు అంకెతో బ్యాంకు లెక్క వేయకండి. పదేళ్లలో తొమ్మిదేళ్లు దాటే అంకె కావాలి, అది సగటుకంటే 8 నుంచి 10 శాతం తక్కువ ఉంటుంది. దానిమీద ఏటా 0.5 శాతం తరుగుదల. ఇరవయ్యో ఏటికి మొదట్లో వచ్చినదానిలో 90 శాతం మిగులుతుంది.

అమరిక: 550 వాట్ల ప్యానెళ్లు 18 చొప్పున 10 స్ట్రింగులు (ఒకదాని తర్వాత ఒకటి వరసగా కలిపిన ప్యానెళ్లు), మొత్తం 180 ప్యానెళ్లు, 99 కిలోవాట్లు. ప్యానెళ్ల డీసీ కరెంటును గ్రిడ్‌కు పనికొచ్చే ఏసీగా మార్చే ఇన్వర్టర్లు 40 కిలోవాట్లవి రెండు. ఒకే 80 కిలోవాట్లది వద్దు. అది పాడైన రోజు మొత్తం ఆగిపోతుంది. రెండైతే సగం నడుస్తుంది. 99కి 80 చాలదనిపిస్తుంది కానీ వేడికీ దుమ్ముకీ ప్యానెళ్లు పూర్తి సామర్థ్యం ఇచ్చే క్షణాలు చాలా తక్కువ, ఇన్వర్టర్ హద్దు దాటి కోతకు పోయేది స్వల్పమే.

స్ట్రింగులో 18 బదులు 20 పెడితే వైర్లు కలిసొస్తాయని కాంట్రాక్టర్ అనవచ్చు. ఆ ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి, అంటే కరెంటు పారనప్పుడు ఉండే వోల్టేజి, 50, ఇన్వర్టర్ హద్దు 1,100 వోల్టులు అనుకుందాం. 20 ప్యానెళ్లకు 1,000, బాగానే ఉంది. కానీ ఆ 50 అన్నది 25 డిగ్రీల దగ్గర కొలిచింది. డిగ్రీ చల్లబడితే 0.27 శాతం పెరుగుతుంది. చలికాలం తెల్లవారుజామున 5 డిగ్రీలుంటే ప్యానెల్‌కు 52.7, మొత్తం 1,054. మైనస్ 10 డిగ్రీలు పడే చోట 1,094. అంటే హద్దుకు ఆరు వోల్టుల దూరం. 1,000 వోల్టుల ఇన్వర్టర్ అయితే మొదటి చలికాలమే కాలిపోవచ్చు, పైగా వారంటీ వర్తించదు. మీ చోట నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రతతో ఈ లెక్క వేసి కాగితం మీద ఇమ్మనండి.

డాబా విషయంలో అందరూ బరువు గురించే అడుగుతారు. ఒక్కో ప్యానెల్ దాదాపు 28 కిలోలు, 2.6 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 11 కిలోలు, ఫ్రేముతో కలిపి 15 నుంచి 20. మామూలు కాంక్రీటు శ్లాబుకు ఇది సాధారణంగా పెద్ద భారం కాదు. అసలు ప్రమాదం గాలి లేపేయడం. సెకనుకు 40 మీటర్ల గాలికి చదరపు మీటరుకు సుమారు 960 న్యూటన్ల ఒత్తిడి వస్తుంది. ఆ లెక్కన ఒక్కో ప్యానెల్‌ను పైకి లాగే బలం 250 కిలోల బరువుకు సమానం కావచ్చు. 28 కిలోల ప్యానెల్ దానికదే ఆగదు. డాబా అంచుల్లో, మూలల్లో ఈ లాగుడు ఇంకా ఎక్కువ, అందుకని అంచు నుంచి కనీసం మీటరు వదలండి. కాంక్రీటు దిమ్మలు వాడితే వాటి బరువును గాలి లెక్కతో నిర్ణయించాలి, అప్పుడు శ్లాబు బరువు లెక్క మళ్లీ చూడాలి. ఈ రెండో లెక్కను మరిచిపోతుంటారు.

---

పొద్దుతిరుగుడు:

చాలా థాంక్స్ అండి. అడ్వాన్సు ఆపేశాం. స్కూలు మెయిన్ బోర్డు నుంచి ట్రాన్స్‌ఫార్మర్ 150 మీటర్ల దూరంలో ఉంది. 70 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కేబుల్ చాలని కాంట్రాక్టర్ అంటున్నారు. అది సరిపోతుందా? ఇంకొకటి, యూనిట్లు వాడకాన్ని బట్టి పంచాలంటే ఎవరు లెక్కపెడతారు?

---

త్రీఫేజ్:

కరెంటు మోయడానికి చాలుతుంది. వోల్టేజికి చాలదు. లెక్క చూడండి. 80 కిలోవాట్లు, 400 వోల్టులు, త్రీ ఫేజ్: ఫేజుకు 115 ఆంపియర్లు. 70 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియంకు కిలోమీటరుకు 0.443 ఓమ్. 150 మీటర్లకు 0.066. గుణిస్తే 7.7 వోల్టులు. ఇది 20 డిగ్రీల లెక్క. మిట్టమధ్యాహ్నం కేబుల్ 70 డిగ్రీలకు చేరితే నిరోధం 20 శాతం పెరుగుతుంది, అప్పుడు 9.2.

కరెంటు ఇప్పుడు స్కూలు నుంచి ట్రాన్స్‌ఫార్మర్ వైపు పోతోంది కాబట్టి ఈ 9 వోల్టులు స్కూలు వైపు పెరుగుతాయి. లోడ్ తక్కువున్నప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫేజుకు 245 వోల్టులు ఉందనుకోండి, ఇన్వర్టర్‌కు కనిపించేది 254. చాలా ఇన్వర్టర్లు 253 దాటగానే ఆగిపోయేలా అమర్చి ఉంటాయి. ఆగగానే వోల్టేజి పడిపోతుంది, కొన్ని నిమిషాలు చూసి మళ్లీ మొదలవుతుంది, మళ్లీ 254, మళ్లీ ఆగుతుంది. ఎండ బాగా కాసే రోజునే ఉత్పత్తి గ్రాఫ్ రంపపు పళ్లలా కనిపిస్తుంది. ప్యానెళ్లనో ఇన్వర్టర్‌నో మార్చి లాభం లేదు, తప్పు కేబుల్‌లో ఉంటుంది.

120 చదరపు మిల్లీమీటర్లది వేస్తే కిలోమీటరుకు 0.253 ఓమ్, పెరుగుదల 4.4 వోల్టులు, వేడిలో 5.3. ముందుగా ఒక పని చేయండి: స్కూలు బోర్డు దగ్గర వోల్టేజి రికార్డర్ పెట్టి వారం రోజులు, ఒక ఆదివారం కలిసేలా, మూడు ఫేజులూ రాయించండి. ఆదివారం మధ్యాహ్నమే 248 కనిపిస్తే కేబుల్ ఒక్కటే చాలదు, ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (అది ఇచ్చే వోల్టేజిని సర్దే అమరిక) ఒక మెట్టు దించి వోల్టేజి తగ్గించమని పంపిణీ సంస్థను అడగాలి. ఇన్వర్టర్‌లో వోల్టేజిని కొంత అదుపు చేసే రియాక్టివ్ పవర్ సెట్టింగుతో కొంత తగ్గించవచ్చు, కానీ ఇలాంటి తక్కువ వోల్టేజి లైన్లలో నిరోధానిదే పైచేయి కాబట్టి దానిమీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. పంపిణీ సంస్థ ఒప్పుకోకుండా 253 హద్దును మాత్రం కదపకండి. ఆ లైనులో ఉన్న ప్రతి ఇంటి ఫ్రిజ్జూ టీవీ ఆ వోల్టేజి మీదే నడుస్తాయి.

---

మీటర్‌బాక్స్:

యూనిట్ల పంపకానికి రెండు పద్ధతులున్నాయి: ముందే రాసుకున్న స్థిర నిష్పత్తి, లేదా ఆ పూట వాడకాన్ని బట్టి. తేడా అంకెల్లోనే తెలుస్తుంది.

స్కూలు సెలవు రోజు, పదిహేను నిమిషాల వ్యవధి ఒకటి తీసుకుందాం. ప్లాంట్ 72 కిలోవాట్లతో నడిస్తే ఆ పావుగంటలో 18 యూనిట్లు. 30 ఇళ్లు తలా 0.1 యూనిట్ వాడాయి, 10 ఇళ్లలో ఏసీనో మోటారో నడిచి తలా 0.75 వాడాయి. మొత్తం వాడకం 10.5.

స్థిరంగా సమానంగా పంచితే ఇంటికి 0.45. తక్కువ వాడిన 30 ఇళ్లు 3 యూనిట్లు వాడుకుని మిగతా 10.5 గ్రిడ్‌కు వదిలేస్తాయి. ఎక్కువ వాడిన 10 ఇళ్లకు 4.5 దొరుకుతాయి, ఇంకో 3 యూనిట్లు గ్రిడ్ నుంచి పూర్తి రేటుకు కొంటాయి. ఒకే పావుగంటలో, ఒకే వీధిలో, సంఘం 10.5 అమ్మి 3 కొన్నది. వాడకాన్ని బట్టి పంచితే 10.5 యూనిట్లూ ఇళ్లకే అందుతాయి, గ్రిడ్‌కు 7.5 పోతాయి, కొనేది సున్నా.

సంఘం మొత్తానికి రెండోదే లాభం. కానీ ఏసీలున్న పది ఇళ్లకే ఎక్కువ యూనిట్లు పోయాయని మిగతా ముప్పై ఇళ్లు అడుగుతాయి, ఆ ప్రశ్న న్యాయమైనదే. పైన పద్దుపుస్తకం గారు చెప్పిన మూడు పద్దుల విడదీత ఇక్కడే పనిచేస్తుంది. సంఘం నుంచి అందిన ప్రతి యూనిట్‌కూ లోపలి రేటు కట్టించండి. ఆ రేటు గ్రిడ్‌కు అమ్మితే వచ్చేదానికంటే ఎక్కువగా, ఇంటికి గ్రిడ్ నుంచి కొనే రేటుకంటే తక్కువగా ఉండాలి. ఎక్కువ వాడినవాళ్లు ఎక్కువ కడతారు. మిగులు ఆదాయం వాటాలకూ నిల్వ నిధికీ చేరుతుంది. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేని కుటుంబానికి కూడా దక్కాల్సింది వాటా రాబడిగా దక్కుతుంది. లోపలి రేటు ఏటా సర్వసభ్య సమావేశంలో నిర్ణయించండి, మధ్యలో మార్చకండి.

ఆస్ట్రియా 2021 చట్టం ఈ రెండు పద్ధతులనూ అనుమతిస్తుంది, పదిహేను నిమిషాల లెక్కతో, స్థానిక సంఘాలకు నెట్‌వర్క్ ఛార్జీల్లో తగ్గింపుతో. అక్కడ లెక్క చేసేది పంపిణీ సంస్థ, సంఘం బిల్లు మాత్రమే వేస్తుంది. మీ దగ్గర పంపిణీ సంస్థ నెలవారీ రీడింగు మాత్రమే ఇస్తే వాడకాన్ని బట్టి పంచడం కుదరదు, స్థిర నిష్పత్తే దిక్కు. అప్పుడు స్కూలుకు పెద్ద భాగం రాయండి, పగలు నిలకడగా వాడేది అదే. సెలవు నెలలకు వేరే నిష్పత్తి పెట్టుకోనిస్తారేమో కూడా అడగండి.

ఎక్కడ చెడుతుందంటే మీటరు డేటాలో. ఒక ఇంటి మీటరు మూడు రోజులు సిగ్నల్ పంపకపోతే ఆ ఇంటి వాడకం సున్నాగా కనిపిస్తుంది, దాని భాగం మిగతావాళ్లకు పోతుంది. తర్వాత అసలు డేటా వస్తుంది, 40 బిల్లులూ మార్చాలి. అందుకని నెల ముగిసిన వెంటనే బిల్లు వేయకండి. డేటా ఖరారైందని పంపిణీ సంస్థ చెప్పాకే వేయండి. ఒకసారి వేసిన బిల్లును ఎన్ని నెలల వరకు తిరగదోడవచ్చో నియమంలో రాయండి.

బ్యాటరీ గురించి ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. మొదటి ఏడాది పదిహేను నిమిషాల డేటా చేతికి వచ్చాకే ఆలోచించండి. దానికంటే ముందు ట్యాంకు మోటార్లు, వాటర్ హీటర్లు పదకొండు నుంచి మూడు మధ్య నడిచేలా టైమర్లు పెట్టించండి. బ్యాటరీలో పెట్టి తీస్తే పదో వంతు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ పోతుంది. వేళ మార్చుకుంటే ఏమీ పోదు.

ధుండి అనే ఊరు చూడండి, గుజరాత్‌లో. 2016లో ఆరుగురు రైతులు సోలార్ పంపుల సహకార సంఘం పెట్టారు. పంపు నడవని సమయంలో వచ్చే కరెంటును సంఘం ఒకే మీటరు ద్వారా పంపిణీ సంస్థకు అమ్ముతుంది, లోపల ఎవరి పంపు ఎంత ఇచ్చిందో సంఘం లెక్కగడుతుంది. పంపిణీ సంస్థకు ఒకే లావాదేవీ, సభ్యులకు విడివిడి లెక్క. చిన్న సంఘాలకు ఇది చాలా పనికొచ్చే ఏర్పాటు.

---

పద్దుపుస్తకం:

రెండు విషయాలు వదిలేశాను.

ఒకటి, వాటా వెనక్కి తీసుకోవడం. ప్లాంట్ 25 ఏళ్లది, సభ్యుల అవసరాలు అలా ఉండవు. పెళ్లో వైద్యమో వచ్చి ఒకే ఏడాది ఎనిమిదిమంది వాటా వెనక్కి అడిగితే డబ్బు డాబా మీద ప్యానెళ్ల రూపంలో ఉంటుంది. మొదటి మూడేళ్లు వెనక్కి ఇవ్వడం ఉండదు, ఆ తర్వాత ఆరు నెలల నోటీసు, ఏడాదికి మొత్తం వాటాధనంలో 5 శాతానికి మించకుండా, అదీ అప్పు వాయిదా కట్టాక మిగులుంటేనే. పాలకమండలికి నిరాకరించే హక్కు స్పష్టంగా ఉండాలి. ఇది లెక్కల పుస్తకానికి కూడా అవసరం. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాల్లో 2004 నాటి ఐఫ్రిక్ 2 వివరణ ప్రకారం, వాటా వెనక్కి ఇవ్వడాన్ని నిరాకరించే బేషరతు హక్కు సంఘానికి ఉంటే అది సొంత మూలధనం. ఆ హక్కూ లేక, చట్టం గానీ నియమావళి గానీ అడ్డుపడకపోతే అది అప్పు కింద పడుతుంది. మీ 40 శాతం మూలధనం అప్పుగా మారితే బ్యాంకు ఒప్పుకోదు. కొత్త సభ్యుడు పాతవాళ్ల వాటా కొనుక్కునే వరస జాబితా పెడితే సంఘం నిధి కదలకుండానే చాలావరకు సర్దుకుంటుంది.

రెండు, డాబా ఒప్పందం. అద్దె సంగతి అందరూ రాస్తారు. రాయనివి ఇవి: పదో ఏట శ్లాబు కారితే ప్యానెళ్లు విప్పి మళ్లీ బిగించే ఖర్చు ఎవరిది, ఆ రోజుల్లో పోయిన ఉత్పత్తికి పరిహారం ఉందా, స్కూలు యాజమాన్యం మారితే కొత్తవారు ఒప్పందానికి కట్టుబడతారా, పక్కన ఇంకో అంతస్తు కట్టి నీడ పడితే ఏం చేయాలి. అన్నిటికంటే, శ్లాబుకు వాటర్‌ప్రూఫింగ్ చేయాల్సి ఉంటే ప్యానెళ్లు ఎక్కకముందే చేయించండి. సగం ఖర్చు సంఘం పెట్టుకున్నా నష్టం లేదు.

నిధుల విషయానికొస్తే, ఇన్వర్టర్లు 10 నుంచి 15 ఏళ్లలో మార్చాలి. వాటి ధర ప్లాంట్ ఖర్చులో పదో వంతు అనుకుంటే, ఏటా మొదటి ఖర్చులో 0.8 శాతం పక్కన పెడితే పన్నెండో ఏటికి డబ్బు దాదాపు సిద్ధంగా ఉంటుంది. నిర్వహణ, బీమా, లెక్కల పరిశీలన కలిపి ఇంకో ఒకటిన్నర శాతం. ఇవి తీశాక మిగిలింది అప్పు వాయిదాకు కనీసం 1.25 రెట్లు ఉండాలి. అదీ త్రీఫేజ్ గారు చెప్పిన తక్కువ ఉత్పత్తి అంకెతో. ఇవన్నీ నిండకుండా వాటాలకు రాబడి పంచకండి.

---

త్రీఫేజ్:

నిర్వహణ గురించి ఒక్క సంగతి కలుపుతాను. సంఘం ప్లాంట్లు కాలిపోయి పాడవడం తక్కువ, ఎవరూ చూడక నష్టపోవడం ఎక్కువ. పది స్ట్రింగుల్లో ఒకటి చచ్చిపోయినా ప్లాంట్ నడుస్తూనే ఉంటుంది, ఇన్వర్టర్ పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది, ఉత్పత్తి 10 శాతం పడిపోతుంది. మబ్బులనుకుని ఊరుకుంటే నెలలు గడిచిపోతాయి.

ఇద్దరు సభ్యులకు జీతమో గౌరవ వేతనమో ఇచ్చి ఈ పని అప్పగించండి, ఊరికే చేయమంటే రెండో ఏడాదికి ఆగిపోతుంది. వాళ్లు చూడాల్సింది మొత్తం యూనిట్లు కాదు, స్ట్రింగు స్ట్రింగుకీ పోలిక. ఎండ బాగున్న రోజు పదకొండింటికి పది స్ట్రింగుల కరెంటు పక్కపక్కన పెట్టి, ఏదైనా మిగతావాటి సగటుకంటే 5 శాతం తక్కువుంటే రాసుకోవాలి. వరుసగా మూడు రోజులు తక్కువుంటే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. పొద్దున మాత్రమే తక్కువుంటే నీడ, రోజంతా ఉంటే కనెక్టరో ప్యానెలో, మూడు నాలుగు కలిసి మెల్లగా తగ్గుతుంటే దుమ్ము.

వాన పడ్డ మరునాడు పొద్దున ఇన్వర్టర్ ఇన్సులేషన్ లోపం చూపించి, మధ్యాహ్నానికి తడారాక దానంతట అదే మొదలైతే, నూటికి తొంభై పాళ్లు ప్యానెళ్ల కేబుళ్లను కలిపే ఎంసీ4 కనెక్టర్లలోకి నీరు దిగుతోందని అర్థం. ప్యానెల్‌తో వచ్చిన కనెక్టర్ ఒక కంపెనీది, కాంట్రాక్టర్ కేబుల్‌కు వేసింది ఇంకో కంపెనీది అయితే బిగుసుకున్నట్టే కనిపిస్తాయి కానీ లోపల రబ్బరు రింగు సరిగా కూర్చోదు. మొదట తడి, తర్వాత తుప్పు, ఆపైన వేడి, చివరికి నిప్పు. ఆర్డర్‌లోనే రాయండి: రెండువైపులా ఒకే కంపెనీ కనెక్టర్లు, ఆ కంపెనీ చెప్పిన క్రింపింగ్ పనిముట్టుతోనే నొక్కాలి, ఒక్క కనెక్టర్ కూడా శ్లాబు మీద పడి ఉండకూడదు, అన్నీ ఫ్రేముకు కట్టి ఉండాలి. ప్లాంట్ అప్పగించే రోజు పది స్ట్రింగుల ఇన్సులేషన్ నిరోధం, ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి కొలిపించి ఆ కాగితం సంఘం దస్త్రంలో పెట్టుకోండి. ఐదేళ్ల తర్వాత వారంటీ అడిగినప్పుడు పోల్చి చూపించడానికి మీ దగ్గర ఉండేది అదే.